జుబిన్ మెహతా: వినుట నేర్చిన వాద్యబృంద నాయకుడు

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ మన జయపురము చరిత్రలో మరువరాని దినము. అంతవరకు మద్రాసు రాజధానిలో భాగముగా నుండిన ఈ ప్రాంతము ఆ దినమున నూతనముగా నేర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. కొండలు కదలలేదు, కొలాబు నది తన దారిని మార్చుకొనలేదు, అంగడిలో జనులు మాటలాడు మాటయు మారలేదు. కాని ఆ దినము మొదలు ఇచ్చటి తెలుగువారు తాము నివసించు రాష్ట్రమున అల్పసంఖ్యాక భాషాజనులైరి. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, పై చదువులకు ఇంగ్లీషు, హిందీ. ఇట్టి జీవితము మన తాతలకును తండ్రులకును అలవడినది, మీకును అలవడుచున్నది.

అదే నెల 29వ తేదీన బొంబాయి నగరమున ఒక పార్సీ కుటుంబమున ఒక శిశువు జన్మించెను. వేయి సంవత్సరములకు పూర్వమే పారసీక దేశమునుండి వచ్చి మన పడమటి తీరమున స్థిరపడిన వారు పార్సీలు. దేశ జనాభాలో వారు మిక్కిలి కొలదిమంది. వారి మాతృభాష గుజరాతీ. ఆ శిశువు పెరిగి పెద్దవాడై వియన్నా, మాంట్రియల్, లాస్ ఏంజెలిస్, న్యూయార్కు, టెల్ అవీవ్, ఫ్లారెన్సు, మ్యూనిక్ నగరములలోని గొప్ప వాద్యబృందములను నడిపెను. అతడే జుబిన్ మెహతా.

ఈ రెండు సంగతులకును సంబంధమేమని మీరడుగవచ్చును. తేదీల కలయిక తప్ప వేరు సంబంధము లేదు. అయినను కొలదిమందిలో పుట్టినవాడు పెక్కుమంది నడుమ ఎట్లు మెలగవలెనో, తన స్వరమును పోగొట్టుకొనక ఇతరుల స్వరములతో ఎట్లు కలియవలెనో తెలిసికొనుటకు ఈయన జీవితము మనకు మంచి పాఠము. ముందు ఆయన చేసిన పని యెట్టిదో తెలిసికొందము.

వాద్యబృందమనగా నేమి?

మన కచేరీలో పాడువారొకరు, పిడేలు వాయించువారొకరు, మృదంగము వాయించువారొకరు ఉందురు. నలుగురైదుగురు దగ్గరగా కూర్చుండి, ఒకరి ముఖమొకరు చూచుకొనుచు, తొడపై తాళము వేసికొనుచు నడచిపోదురు. వారికి వేరుగా నాయకుడక్కరలేదు. మన కొండలలో జరుగు ధింసా నృత్యమును మీరందరు చూచియే యుందురు. మోరి ఊదువాడు పాట మార్చగానే డప్పువాడు దరువు మార్చును. డప్పు మారగానే అడుగులు మారును. అచ్చట చెవియే నాయకుడు.

పాశ్చాత్యుల పెద్ద వాద్యబృందమున సుమారు నూరుగురుందురు. దానినే ఆర్కెస్ట్రా అందురు. అందు అరువదిమంది వరకు కమానుతో వాయించు తంత్రీవాద్యకారులు. చిన్నది వయొలిన్, దానికంటె కొంచెము పెద్దది వియోలా, మోకాళ్ల నడుమ నిలుపుకొని వాయించునది చెల్లో, మనిషికంటె ఎత్తైనది డబుల్ బాస్. వారి వెనుక ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బాసూన్ అను సుషిర వాద్యములు. వాని వెనుక హారన్, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా అను ఇత్తడి వాద్యములు. అన్నిటికిని వెనుక రాగి గిన్నెలవంటి పెద్ద భేరులు.

మన సంగీతమున ఒకే రాగము ఒకే ధారగా సాగును. పాశ్చాత్య వాద్యబృందమున అట్లు కాదు. వయొలిన్లొక స్వరపంక్తిని వాయించుచుండగా చెల్లోలు వేరొకదానిని, హారన్లు మరియొకదానిని ఏకకాలమున వాయించును. ఆ పంక్తులన్నియు ఒకదానితో నొకటి పొసగునట్లు రచయిత ముందుగానే వ్రాసి యుంచును. ప్రతి వాద్యకారుని ముందును వాని పంక్తి మాత్రమే వ్రాసిన కాగితముండును. అందరి పంక్తులును ఒకదాని క్రింద నొకటిగా, ఒక్కొక్క పుటలో ఇరువదికి మించి యుండు సమగ్ర స్వరపత్రము నాయకుని యొద్ద మాత్రమే యుండును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. శబ్దము గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. వేదిక వెడల్పు 20 మీటర్లున్నచో, ఈ కొననుండి ఆ కొనకు శబ్దము చేరుటకు సెకనులో దాదాపు పదునేడవ వంతు కాలము పట్టును. చెవిని మాత్రమే నమ్ముకొన్నచో ఆ కొననున్నవాడు ప్రతిసారియు ఆ మేరకు వెనుకబడును. అతనిని వినువాడు మరికొంత వెనుకబడును. కాంతికి అట్టి జాగు లేదు. అందుచేత అందరికిని కనబడు చోట ఒకడు నిలిచి, చేతితో కాలమును చూపవలసివచ్చినది.

బస్సులో టిక్కెట్టులిచ్చు కండక్టరు మీకు తెలియును. ఆర్కెస్ట్రా నాయకునికిని ఇంగ్లీషులో అదే పేరు. నవ్వవలదు! అందరిని కూడగట్టి తీసికొనిపోవువాడని ఆ మాటకు అర్థము. ఎక్కినవారిని దారిలో విడువక గమ్యము చేర్చుటయే ఇద్దరి పనియు.

కఱ్ఱ కథ

పూర్వము ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ ఆస్థానమున లల్లీ యను సంగీతాధికారి యుండెను. ఆయన పొడవైన కఱ్ఱతో నేలపై కొట్టుచు తాళము వేయుచుండెడివాడు. 1687లో రాజు జబ్బునుండి కోలుకొన్నందులకు జరిపిన ఉత్సవమున ఆ కఱ్ఱ ఆయన కాలివ్రేలికే తగిలి, పుండై, విషమించి, తుదకు ఆయన మరణించెను. పందొమ్మిదవ శతాబ్దమున నేలను కొట్టు కఱ్ఱ పోయి, గాలిలో ఆడించు సన్నని చిన్న కఱ్ఱ వాడుకలోనికి వచ్చినది. కుడిచేతిలోని ఆ కఱ్ఱ కాలమును చూపును. ఎడమచేయి హెచ్చుతగ్గులను చూపును: ఇచ్చట మెల్లగా, ఇచ్చట గట్టిగా, ఇపుడు మీ వంతు, ఇపుడు చాలును.

ఒక్క విషయము గమనింపుడు. వేదికపైనున్న నూరుగురిలో శబ్దము చేయనివాడు నాయకుడొక్కడే. ఆయన ముఖ్యమైన పని వినుట. ఏ వాద్యము పైకి తేలినదో, ఏది అణగిపోయినదో, ఎవరు తొందరపడుచున్నారో విని, అభ్యాస సమయమున సరిదిద్దవలెను. కచేరీ రెండు గంటలు. దాని వెనుక అభ్యాసము దినముల కొలది.

బొంబాయి ఇల్లు

జుబిన్ తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. పాశ్చాత్య సంగీతమును నేర్పు గొప్ప గురువులు దొరకని కాలమున ఆయన చాలవరకు స్వయంకృషితో నేర్చుకొని, 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించెను. పార్సీలు, గోవానుండి వచ్చిన వాద్యకారులు, మరి కొందరు అందు చేరి వాయించిరి. ఇల్లే అభ్యాసమందిరము. ఆ పిల్లవాడు మాటలతోపాటు స్వరములనుగూడ విని పెరిగెను.

తన విద్య చాలదని తోచి 1945లో మెహ్లీ మెహతా న్యూయార్కునకు పోయి, ఐవాన్ గలామియన్ అను ప్రసిద్ధ గురువువద్ద శిష్యరికము చేసెను. అప్పటికి కుమారునికి తొమ్మిదేండ్లు. భార్యాబిడ్డలను విడిచి, నడివయస్సున, మరల విద్యార్థియైన ఆ తండ్రిని తలచుకొనుడు. కొన్ని సంవత్సరముల తరువాత ఆయన తిరిగి వచ్చి తన బృందమును మరల నడిపెను. పదునారేండ్ల ప్రాయమునకే జుబిన్ తండ్రి బృందమునకు అభ్యాసము చేయించుచుండెను.

అయినను ఇంటివారి కోరిక వేరు. కుమారుడు వైద్యుడు కావలెను. జుబిన్ బొంబాయిలోని సెయింట్ జేవియర్ కళాశాలలో వైద్యవిద్యకు వలసిన శాస్త్రములు కొంతకాలము చదివెను. మనస్సు అందు నిలువలేదు. తుదకు తలిదండ్రులొప్పుకొనిరి. 1954లో, పదునెనిమిదవ యేట, ఆయన ఆస్ట్రియా దేశపు రాజధానియైన వియన్నాకు ప్రయాణమయ్యెను.

ఈ కథలో ఒక దుఃఖాంశమును కప్పిపుచ్చరాదు. తండ్రి ఇరువది యేండ్లు శ్రమపడి నిలిపిన బృందమునకు బొంబాయిలో తగిన ఆధారము దొరకలేదు. 1955లో మెహ్లీ మెహతా ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు పోయి హాలే ఆర్కెస్ట్రాలో చేరెను. పిదప అమెరికాకు పోయి 1964లో లాస్ ఏంజెలిస్‌లో యువకులకొక వాద్యబృందమును స్థాపించెను. కళాకారుడు దేశమును విడిచిపోయినాడని నిందించుట సులభము. నిలుచుటకు చోటు చూపుట సమాజముయొక్క పని.

వియన్నాలో వినుట

వియన్నా సంగీత విద్యాలయమున జుబిన్ గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. ఈయన శిష్యులపై కఠినమైన నియమమును విధించెడివాడు. అనవసరముగా చేతులాడింపరాదు, చూపరుల మెప్పునకై అభినయింపరాదు, రచయిత వ్రాసినదేమో ముందు తెలిసికొనవలెను. బొంబాయినుండి వచ్చిన యువకుడు ముందుగా జర్మను భాషను అభ్యసింపవలసి వచ్చెను. నాయకత్వముతోపాటు డబుల్ బాస్ వాయించుటయు నేర్చుకొని వాద్యబృందములలో వెనుక వరుసను నిలిచి వాయించెను. నడుపదలచినవాడు నడుచువారి కష్టమును ముందుగా తెలిసికొనవలెను గదా.

అచ్చట ఆయన సహాధ్యాయి ఇటలీ దేశీయుడైన క్లాడియో అబ్బాడో. తరువాతి కాలమున ఈయనయు జగత్ప్రసిద్ధుడయ్యెను. ఆ దినములలో గొప్ప నాయకులు అభ్యాసము చేయించునపుడు విద్యార్థులకు ప్రవేశము లేకుండెను. ఈ ఇద్దరును ఒక ఉపాయము పన్నిరి. వియన్నాలోని ప్రసిద్ధ గాయక బృందమున మంద్రస్థాయి గాయకులుగా చేరిరి. గాయకులు వాద్యబృందమునకు వెనుక, నాయకునికి ఎదురుగా నిలుతురు. శ్రోతలకు నాయకుని వీపు మాత్రమే కనబడును. వీరికి ముఖము, కన్నులు, చేతులు కనబడెను. ఆ విధముగా కరయాన్, బ్రూనో వాల్టర్ మొదలగు మహానాయకుల పనిని నెలల తరబడి వారు ఎదుటనుండి చూచిరి. తలుపు మూసియున్నదని ఇంటికి పోయినవాడు నేర్చుకొనలేడు. వేరొక ద్వారమున, చిన్న పనియైనను చేపట్టి, లోపల ప్రవేశించినవాడు నేర్చుకొనును.

1956లో హంగేరీ దేశమున తిరుగుబాటు చెలరేగి, అణచివేయబడి, వేలకొలది జనులు సరిహద్దు దాటి ఆస్ట్రియాకు శరణు వచ్చిరి. ఇరువదేండ్ల జుబిన్ తోడి విద్యార్థులను కూడగట్టి, కొద్ది దినములలోనే ఒక వాద్యబృందమును సిద్ధపరచి, శరణార్థుల శిబిరమున కచేరీ చేయించెను. ఎవరో నియమించిన పదవి కాదు అది. చూచి, చేయవలెనని తోచి, చేసిన పని.

పిలుపు వచ్చినపుడు

1958లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున జరిగిన వాద్యబృంద నాయకుల అంతర్జాతీయ పోటీలో జుబిన్ ప్రథమ స్థానమును పొందెను. బహుమానముగా అచ్చటి బృందమున ఒక సంవత్సరము సహాయ నాయకుని పదవి లభించెను. అటుపిమ్మట వచ్చిన అవకాశములలో పెక్కు, ఇతరులు రాలేకపోయినపుడు వచ్చినవే. 1961లో ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ బృందమును తొలిసారి నడిపినపుడు ఆయన యూజీన్ ఆర్మండీ యను ప్రసిద్ధునికి బదులుగా వచ్చినవాడే. ఇట్లు బదులుగా వచ్చినవానికి అభ్యాసమునకు దొరకు కాలము స్వల్పము. పేరు చెడుటకు అవకాశము మెండు. స్వరపత్రము ముందే కంఠస్థమైయున్నవాడే అట్టి వేళ నిలువగలడు. అదృష్టమని లోకులనునది చాలసారులు ముందుగా చేసియుంచిన చదువే.

1961లో కెనడాలోని మాంట్రియల్ బృందమునకు ఆయన సంగీత నిర్దేశకుడయ్యెను. 1962లో లాస్ ఏంజెలిస్ ఫిల్హార్మోనిక్ ఆయనను పిలిచెను. అప్పటికి ఆయన వయస్సు 26. అమెరికాలో అంతటి బృందమునకు అంత చిన్న వయస్సున నాయకుడగుట అపూర్వము. మాంట్రియల్‌లో 1967 వరకును, లాస్ ఏంజెలిస్‌లో 1978 వరకును పనిచేసి, 1978 మొదలు 1991 వరకు పదుమూడు సంవత్సరములు న్యూయార్కు ఫిల్హార్మోనిక్‌ను నడిపెను. ఇటలీలోని ఫ్లారెన్సు నగర సంగీతోత్సవ బృందమునకు 1985 మొదలు 2017 వరకు ప్రధాన నాయకుడు. 1998 మొదలు 2006 వరకు జర్మనీలోని మ్యూనిక్ నగరమున బవేరియా రాష్ట్ర సంగీతనాటకశాలకు నిర్దేశకుడు. వియన్నా ఫిల్హార్మోనిక్ నూతన సంవత్సర దినమున జరుపు కచేరీ లోకమంతటను ప్రసారమగును. దానిని ఆయన 1990, 1995, 1998, 2007, 2015 సంవత్సరములలో ఐదు పర్యాయములు నడిపెను.

వీనియన్నిటికంటె దీర్ఘమైన బంధము ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తోడిది. ఆ బృందమును 1936లో హూబర్మన్ అను వయొలిన్ విద్వాంసుడు నెలకొల్పెను. యూరపులో యూదులపై దౌర్జన్యము పెరుగుచుండగా, అచ్చట నిలువ నీడలేక వచ్చిన వాద్యకారులతో నేర్పడిన బృందమది. 1977లో మెహతా దానికి సంగీత నిర్దేశకుడు. 1981లో ఆ పదవి యావజ్జీవమునకు స్థిరపరుపబడెను. 2019 అక్టోబరులో తానే విరమించెను. దేశము లేక తిరిగినవారి బృందమును పారసీకమునుండి శరణు వచ్చినవారి సంతతివాడు అన్ని దశాబ్దములు నడుపుట విశేషము.

ఇన్ని దేశములలో పనిచేసినను ఆయన భారత పౌరసత్వమును వదలుకొనలేదు. భారత ప్రభుత్వము 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ బిరుదములతో ఆయనను గౌరవించెను. పండిత రవిశంకర్ రచించిన రెండవ సితారు కన్చెర్టో 'రాగమాల' 1981లో న్యూయార్కున మెహతా నాయకత్వమున తొలిసారి వినిపింపబడెను. సితారు వాయించినవారు రవిశంకరే. 1994లో ఇజ్రాయెల్ బృందమును తొలిసారి మన దేశమునకు తీసికొనివచ్చెను. 1995లో తండ్రి పేర బొంబాయిలో ఒక సంగీత సంస్థ ఏర్పడి, పిల్లలకు పాశ్చాత్య సంగీతమును నేర్పనారంభించెను. తండ్రికి దొరకని ఆధారము కొంతవరకైనను తరువాతి పిల్లలకు దొరకినది.

సంగీతము చేయగలది, చేయలేనిది

సంగీతము అందరిని కలుపునని తరచుగా వినుచుందుము. అది అంత సులభమైన మాట కాదని మెహతా జీవితమే చెప్పుచున్నది.

1981లో టెల్ అవీవ్ నగరమున కచేరీ ముగిసిన పిమ్మట ఆయన అదనముగా వాగ్నర్ రచననొకదానిని వాయింపనెంచెను. వాగ్నర్ పందొమ్మిదవ శతాబ్దపు జర్మను సంగీత రచయిత. సంగీతమున మహామేధావి, కాని యూదులను దూషించుచు వ్రాసినవాడు, హిట్లరునకు ప్రీతిపాత్రమైన సంగీతము ఆయనదే. 1938 మొదలు ఆ బృందము వాగ్నర్‌ను వాయించుట మానివేసినది. వినుటకు ఇష్టములేనివారు వెళ్లిపోవచ్చునని మెహతా ముందుగానే మర్యాదగా చెప్పెను. కొందరు వెళ్లిరి, కొందరు ఉండి కేకలు వేసిరి. ఆ సభామందిరమున పనిచేయు ఒక వృద్ధుడు, హిట్లరు కాలపు హింసను అనుభవించి బ్రతికినవాడు, వేదిక వద్దకు వచ్చి తన శరీరముపైని గాయపు మచ్చలను చూపెను. ఆ ప్రయత్నము చివరకు నిలిచిపోయెను. ఎవరిది న్యాయము? కళను కళగా చూడవలెననుట ఒక న్యాయము. గాయపడినవాని బాధను మన్నింపవలెననుట వేరొక న్యాయము. వినుటయే పనిగా గల నాయకునికి ఆ రాత్రి వాద్యములనేగాక ఆ వృద్ధునిగూడ వినవలసి వచ్చెను.

1994 జూన్‌లో, ముట్టడిలోనున్న సారాయెవో నగరమున, కాలిపోయిన జాతీయ గ్రంథాలయపు శిథిలముల నడుమ, అచ్చటి వాద్యకారులతోనే మోట్సార్ట్ రచించిన మృతులకొరకైన ప్రార్థనా సంగీతమును ఆయన నడిపెను. 1999లో జర్మనీలోని వైమార్ నగరమున, వేలకొలది జనులు చంపబడిన బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరమునకు సమీపమున, ఇజ్రాయెల్ బృందమును జర్మను బృందమును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి మాలర్ రెండవ సింఫనీని వాయింపజేసెను. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ మన తీరమును ముంచెత్తినది గదా. సరిగా సంవత్సరమునకు, 2005లో అదే తేదీని, బవేరియా బృందముతో చెన్నైలో స్మారక కచేరీ చేసెను.

2013 సెప్టెంబరు 7వ తేదీన శ్రీనగరులోని షాలిమార్ ఉద్యానమున జరిగిన కచేరీకి ఆహూతులకే ప్రవేశముండెను. నగరమున దానికి నిరసనగా బందు జరిగెను. ఆ పూట కాశ్మీరు వాద్యకారులును జర్మను వాద్యకారులును కలిసి వాయించిరి. అయినను బయట నిలిచినవారికి ఆ పాట వినబడలేదు. మరియొకసారి అందరును రాగల చోట వాయింపవలెనని మెహతాయే కోరెను. ఒక్క కచేరీ వైరమును మాన్పలేదు. కాని రెండు గంటలపాటు ఒకరినొకరు వినుచు కూర్చుండుట సాధ్యమే యని అది చూపగలదు. అంతకు మించి చెప్పుట అతిశయోక్తి. అంతకు తక్కువ చెప్పుట అన్యాయము.

మన తెలుగువారి వాద్యబృందము

ఇదంతయు దూరదేశముల మాటయని తలపవలదు. మన ఘాటు దిగి సాలూరు చేరినచో, ఆ సమీపముననే శివరామపురము కలదు. అది సాలూరి రాజేశ్వరరావుగారు 1922లో పుట్టిన యూరు. 1948లో వెలువడిన 'చంద్రలేఖ' చిత్రమునకు వారు సమకూర్చిన సంగీతమున పాశ్చాత్య, దేశీయ వాద్యములు పెద్ద బృందముగా కలిసి మ్రోగినవి. మరికొంత దూరము పోయినచో విజయనగరము. అచ్చటి సంగీత కళాశాల 1919లో వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ఆ కళాశాలలో పిడేలు నేర్పినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. పిడేలు పాశ్చాత్య వాద్యమే. కాని నాయుడుగారి చేతిలో అది తెలుగువారి గొంతుగా మారినది. 1952లో మన దేశమునకు వచ్చిన యెహూదీ మెనుహిన్ అను విశ్వవిఖ్యాత వయొలిన్ విద్వాంసుడు ఆయన వాదనమును విని ఎంతయో మెచ్చుకొనెను.

అదే 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందము ఏర్పడెను. దానికి 'వాద్యవృంద' యని పేరు. హిందుస్తానీ పద్ధతికి రవిశంకర్, కర్ణాటక పద్ధతికి టి. కె. జయరామ అయ్యర్ నాయకులు. తరువాత ఆ బృందమును నడిపినవారిలో మన ఈమని శంకరశాస్త్రిగారొకరు. వారు 1922లో ద్రాక్షారామమున పుట్టి, తండ్రి అచ్యుతరామశాస్త్రిగారివద్ద వీణ నేర్చి, మద్రాసు జెమినీ స్టూడియోలో రాజేశ్వరరావుగారితో పనిచేసి, పిదప ఆకాశవాణిలో చేరిరి. వారి పని మెహతా పనికంటె ఒక విధముగా భిన్నము. పాశ్చాత్య బృందమునకు వలెనే వేర్వేరు పంక్తులు ఏకకాలమున వాయించినచో రాగభావము చెడు ప్రమాదము కలదు. అందరును ఒకే పంక్తిని వాయించినచో బృందమెందుకు? రాగమును చెడనీయక, ఒక భాగమును వీణకు, ఒకదానిని వేణువునకు, ఒకదానిని పిడేళ్లకు పంచి, వర్ణవైచిత్రిని కలిగించుట వారి నేర్పు. శంకరశాస్త్రిగారికి 1974లో పద్మశ్రీ లభించెను. 1987లో వారు పరమపదించిరి. వారి శిష్యుడైన వీణ చిట్టిబాబుగారు కాకినాడలో పుట్టినది 1936లోనే.

మనకు పాఠము

విద్యార్థులారా, నాయకుడు నూరు వాద్యములచేత ఒకే పాట వాయింపజేయడు. వయొలిన్ ట్రంపెట్ కావలెనని కోరడు. వయొలిన్ తన గొంతును విడిచిన దినమున బృందమునకే నష్టము. అట్లే తనకు ఇష్టము వచ్చినట్లు, ఇతరులను వినక వాయించినను నష్టమే. తన స్వరము తనకుండవలెను. పక్కవాని స్వరము తనకు వినబడవలెను. ఈ రెండును కలిసినపుడే సంగీతము.

మన స్థితియు నిట్టిదే. తెలుగు మన స్వరము. ఒడియా మన పక్కవాని స్వరము. ఒడియాను సగము నేర్చినవాడు ఈ గడ్డపై సగము చెవిటివాడు. తెలుగును విడిచినవాడు సగము మూగవాడు. జర్మను నేర్చినందున మెహతాకు గుజరాతీ తగ్గలేదు. మన జయపుర మహారాజులైన విక్రమదేవవర్మగారు తెలుగు, ఒడియా, సంస్కృతములలో కవులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు దానము చేసిన దాత. రెండు భాషలవారును వారిని తమవారనియే చెప్పుకొందురు. ఈ ఊరిలోనే అట్టి ఉదాహరణము ఉండగా మనకు సందేహమెందుకు?

తలిదండ్రులకొక మనవి. మీ బిడ్డ వైద్యవిద్యను విడిచి సంగీతమునకు పోవలెనని ఈ కథ చెప్పుటలేదు. మెహతా విడిచినది కొద్దికాలపు చదువు. ఆయన వెనుకనున్నది పుట్టినది మొదలు ఇంట విన్న సంగీతము. బిడ్డ యేది చదివినను, ఇంట కొంత సంగీతము, కొంత తెలుగు పద్యము, కొంత కథ వినబడునట్లు చూడుడు. చిన్ననాడు విన్నది ఎచ్చటికి పోయినను వెంట వచ్చును.

ప్రశ్నలు

1. వేదికపై నూరుగురు వాయించునపుడు చెవిని మాత్రమే నమ్ముకొన్నచో కలుగు చిక్కేమి? వేదిక వెడల్పు 17 మీటర్లయినచో శబ్దము ఆ కొనకు చేరుటకు ఎంత కాలము పట్టునో లెక్కింపుడు.

2. జుబిన్ మెహతాయు ఆయన మిత్రుడును గాయక బృందమున చేరుటకు కారణమేమి?

3. 1981లో టెల్ అవీవ్‌లో జరిగిన సంఘటనలో మీరు నాయకులైయున్నచో ఏమి చేసియుందురు? ఇరుపక్షముల న్యాయమును తెలుపుచు ఒక పుట వ్రాయుడు.

4. మీ యూరి పెండ్లిమేళమునుగాని, ధింసా వాద్యములనుగాని శ్రద్ధగా వినుడు. పాటను ఎవరు ముందుగా మార్చుదురు, మిగిలినవారు దానిని ఎట్లు గుర్తింతురు? మీరు గమనించినది తెలుగునను ఒడియాలోను ఐదేసి వాక్యములలో వ్రాసి, మీ ఉపాధ్యాయునకు చూపుడు.